అమ్మ క్యాబిన్ బ్యాగు 7 కిలోలేనా?

ప్రశ్న: అమ్మ హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వస్తోంది, ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీ. క్యాబిన్ బ్యాగు ఎంత ఉండొచ్చు? ఆవకాయ అందులోనే పెడతానంటోంది, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక్కటే బ్యాగు, 7 కిలోలు, 50×37×25 సెంటీమీటర్లు. చక్రాలు, హ్యాండిల్ కూడా కలిపే కొలుస్తారు కాబట్టి ఇంట్లోనే టేపు పెట్టి చూడమనండి. ఖాళీ ట్రాలీయే రెండు మూడు కిలోలు తూగుతుంది, పెద్దవాళ్లకి తేలికైన గుడ్డ బ్యాగే మేలు.

ఇంకో జవాబు: ఆవకాయ మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టించండి, గట్టిగా ప్యాక్ చేసి. చేతిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, పాపం ఆవిడ ఎంత బాధపడతారో! మందులు, డాక్టర్ రాసిచ్చిన మందుల చీటీ, పవర్ బ్యాంకు మాత్రం క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. చిన్న హ్యాండ్‌బ్యాగు విడిగా పట్టుకోవచ్చా?

జవాబు: పట్టుకోవచ్చు, పాస్‌పోర్టు అందులో పెట్టమనండి.