మందారం కొమ్మలకి వేరు పొడి కొనాలా, గ్లాసు నీళ్లు చాలవా?

కిటికీతోట:
పన్నెండు మందారం కొమ్మలు నీళ్లలో పెట్టాను. పదకొండు పోయాయి. పదో రోజుకల్లా అడుగు నల్లబడింది. వేళ్లతో పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపలి పుల్ల బయటపడింది, ఆ వాసన సంగతి అడక్కండి. మిగిలిన ఒక్కటీ బతికే ఉందో, బతికున్నట్టు నటిస్తోందో అర్థం కావట్లేదు. రోజూ పొద్దున్నే ఎత్తి చూస్తున్నా, వేరు జాడ లేదు.

విచిత్రం ఏంటంటే అదే కిటికీలో, అవే నీళ్లలో పెట్టిన మనీ ప్లాంట్ మాత్రం వేలెడంత వేర్లు వేసింది.

నాకు బాల్కనీ లేదు. తూర్పు వైపు కిటికీ ఒకటుంది, పొద్దున రెండు గంటలు ఎండ పడుతుంది. ఈ నెల మొక్కల కోసం ఒక్క వస్తువు కొనగలను, అంతకు మించి చేతిలో లేదు. వేరు హార్మోన్ పొడా, చిన్న ఎల్‌ఈడీ లైటా, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఇటుకా? లేక ఏదీ వద్దా?

గ్లాసునీళ్లు:
ఏదీ వద్దండీ. మా ఇంట్లో మొక్కల్లో సగం గ్లాసులో పుట్టినవే. పుదీనా, తులసి, కోలియస్, మనీ ప్లాంట్. కోలియస్ అయితే వారం పది రోజుల్లో తెల్లగా గడ్డం పెంచేస్తుంది. కొనడం అంటూ మొదలుపెడితే ఇవాళ పొడి, రేపు లైటు, ఎల్లుండి ట్రే. దానికి అంతుండదు.

పన్నెండూ ఒకే గ్లాసులో కుక్కారా? అదే మీ తప్పు. ఒకటి కుళ్లితే మిగతావన్నీ ఆ నీళ్లే తాగాలి. సీసాకి రెండు మూడు మించొద్దు. ఒకటి రెండు కణుపులు మునిగితే చాలు, మునిగిన చోట ఆకు ఉండకూడదు. మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి, మార్చినప్పుడల్లా సీసా కూడా తోమండి. పైనుంచి కాస్త నీళ్లు పోసి సరిపెట్టడం కాదు. వారం పైన అలాగే వదిలేస్తే వేర్ల కంటే ముందు దోమ పిల్లలు ఈదుతాయి. సీసా చుట్టూ కాగితం చుడితే పాచి పట్టదు.

ఇసుకబుట్ట:
మందారం గురించి అడిగితే పుదీనా గురించి చెప్పారు గ్లాసునీళ్లు గారూ! మీరు లెక్కపెట్టినవన్నీ మెత్తటి కాడలు. అవి గ్లాసులో కాదు, మాటల్లో పెట్టినా వేరేస్తాయి.

కిటికీతోట గారూ, మీ మనీ ప్లాంట్ కణుపు దగ్గర వేలితో తడిమి చూడండి. గోధుమరంగు బొడిపె తగులుతుంది. ఆ బొడిపే వేరు. తీగ మీద ఉండగానే సిద్ధం చేసి పెట్టుకుంది, తడి తగలగానే సాగింది. మందారం అలా కాదు. బెరడు లోపలి కణాలు చేస్తున్న పని ఆపి, మళ్లీ విభజన మొదలుపెట్టి, వేరుని మొదటినుంచీ కట్టుకోవాలి. మామూలుగా నాలుగైదు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆ కోసిన చోటికి ఊపిరి ఆడాలి కదా. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. నిలవ నీళ్లలో, 25 డిగ్రీల దగ్గర, లీటరుకి సుమారు 8 మిల్లీగ్రాములకి మించి కరగదు. 30 డిగ్రీలకి ఏడున్నర. అంటే గది వేడెక్కేకొద్దీ కొమ్మకి ఊపిరి ఎక్కువ కావాలి, నీళ్లలో తక్కువ దొరుకుతుంది. మధ్యలో కుళ్లబెట్టే బ్యాక్టీరియాకి పండగ.

ముతక ఇసుక వాడండి. కోకోపీట్ కూడా పనిచేస్తుంది గానీ నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, కొత్తవాళ్లు తడి ఎక్కువ చేసి కుళ్లబెడతారు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు. దుమ్ములాంటి సన్న ఇసుకా వద్దు, తడిస్తే గచ్చులా బిగుసుకుంటుంది. నేను చేసేది చెబుతా:

ఇసుకని తేట నీళ్లు వచ్చేదాకా కడుగుతా, నాలుగైదు సార్లు పడుతుంది. తర్వాత మరిగే నీళ్లు పోసి చల్లారనిస్తా. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాని అడ్డంగా కోసి, కింది ముక్కకి కాల్చిన మేకుతో ఐదారు చిల్లులు పెట్టి ఇసుక నింపుతా. కొమ్మ పెన్సిల్ లావు, జానెడు కంటే కొంచెం తక్కువ పొడవు, పూత లేనిది. మొగ్గలుంటే గిల్లేయాలి. కింద కణుపుకి ఆనుకుని ఏటవాలుగా కోస్తా, పైన తిన్నగా. ఇది అందం కోసం కాదు. పది కొమ్మలు కోసి బల్ల మీద పెట్టాక ఏది తల, ఏది కాలు అని తికమక పడకుండా. తలకిందులుగా గుచ్చినది బాగుపడటం చాలా అరుదు. పైన రెండాకులే ఉంచి వాటినీ సగానికి కత్తిరిస్తా. వేర్లు లేవు కాబట్టి తాగేది తక్కువ, ఆకులు పెద్దవైతే ఆరబెట్టేది ఎక్కువ. పెన్సిల్‌తో గుంట చేసి, గుచ్చి, వేళ్లతో ఇసుక బిగించి, సీసా పై ముక్కని టోపీలా పెట్టేస్తా. లోపల గోడ మీద సన్నగా చెమట పడితే తడి సరిపోయినట్టు. ధారలు కడుతుంటే కాసేపు బిరడా తీస్తా. నేరుగా ఎండ మాత్రం తగలనివ్వకండి, ఆ టోపీ లోపల కొమ్మ ఉడికిపోతుంది.

(ఈ టోపీ ఐడియా నాది కాదు లెండి. లండన్‌లో నథానియెల్ వార్డ్ అనే డాక్టరు 1829లో ఒక పురుగు గూడుని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగిస్తే, పురుగు సంగతి అటుంచి, ఫెర్న్ మొక్క మొలిచింది. తర్వాత ఓడల మీద మొక్కల్ని అలాంటి గాజు పెట్టెల్లోనే పంపారు.)

చిగురుచూపు:
ఇసుకతో నాకు పేచీ లేదు. కానీ ఒక్క వస్తువే కొనాలంటే పొడే కొనాలి.

కొమ్మ కొసన, లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతుంది. కోసిన చోట దారి లేక పోగవుతుంది, ఆ పోగే వేరు వెయ్యమని చెప్పేది. తలకిందులు పెడితే పని చెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే, ఇసుకబుట్ట గారు చెప్పకుండా వదిలేశారు. పొడిలో ఉండేది దాని చుట్టమే, ఐబీఏ అంటారు, ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం. 1935 నుంచీ కొమ్మల మీద వాడుతున్నారు. మెత్తటి కాడలకి 0.1 శాతం, మందారంలాంటి సగం ముదురువాటికి 0.3, బాగా ముదురు కొమ్మకి 0.8. ప్యాకెట్ మీద అంకె చూసి తీసుకోవాలి. చిటికెడు కాగితం మీద పోసుకుని కొమ్మ అడుగు అద్ది, తట్టి, దులిపి గుచ్చాలి. తడి కొమ్మని ప్యాకెట్‌లోనే ముంచితే మొత్తం పాడవుతుంది. ఎక్కువ రాస్తే ఎక్కువ వేర్లు రావు, అడుగు మాడుతుంది, పైన చిగురు ఆగిపోతుంది. పొదుపుగా వాడితే చిన్న ప్యాకెట్ వందల కొమ్మలకి వస్తుంది.

గ్లాసునీళ్లు:
అంటే 1935కి ముందు లోకంలో ఎవరూ కొమ్మతో మందారం పెంచలేదన్నమాట!

చిగురుచూపు:
పెంచారు. యాభై గుచ్చి పది బతికితే సంబరపడ్డారు, మిగతా నలభై గురించి ఎవరూ చెప్పలేదు. మనకి యాభై ఎక్కడివండీ? ఎవర్నో బతిమాలి తెచ్చుకున్న మూడు కొమ్మల్లో రెండు పోతే? డబ్బు తక్కువున్నవాళ్లకి కొమ్మ కూడా డబ్బే.

ఇసుకబుట్ట:
ఈ మాట నిజం. అయితే తిరగేసి కూడా చూడండి. కొమ్మలు ఊరికే దొరికేవాళ్లకి పొడి బదులు ఇంకో పది కొమ్మలు చాలు. కిటికీతోట గారూ, మీ మందారం ఎక్కడిది? అడిగితే ఇంకా ఇస్తారా?

తేనెచుక్క:
ఎవరూ చెప్పలేదేంటి, తేనె రాసి పెట్టండి. నాకు తులసి అలాగే వచ్చింది. దాల్చినచెక్క పొడి కూడా మంచిదే.

ఇసుకబుట్ట:
తులసి తేనె రాయకపోయినా వస్తుంది అక్కా. తేనె సూక్ష్మజీవుల్ని కాస్త ఆపుతుంది, నిజమే, కానీ అందులో వేరేయించే హార్మోను లేదు. దాల్చినచెక్క బూజుని ఆపుతుంది, కోసిన చోటుని ఆరబెడుతుంది కూడా. దేవగన్నేరు, కాక్టస్ లాంటి వాటికి ఆరడమే కావాలి, వాటిని కోసి నాలుగైదు రోజులు ఊరికే నీడలో పడేస్తే పని జరిగిపోతుంది. మందారానికి ఆరబెట్టే పని పెట్టకండి.

తేనెచుక్క:
మీ ఇసుక మీకు, నా తేనె నాకు.

నీడపట్టు:
లైటు గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి చెబుతున్నా. మొక్కల కోసమని అమ్మే గులాబీరంగు గ్రో లైటు అక్కర్లేదు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు, పది వాట్లది, కొమ్మలకి జానెడు పైన వేలాడితే చాలు. రోజుకి 14 గంటలు వెలిగినా 140 వాట్ అవర్లు, నెలకి 4.2 యూనిట్లు. దూరం పెంచొద్దు, చిన్న బల్బు రెట్టింపు దూరం జరిగితే వెలుగు పావు వంతుకి పడిపోతుంది. కిటికీ లేని గదికైతే నా ఓటు లైటుకే. మీకు తూర్పు కిటికీ ఉంది, వదిలెయ్యండి. ఎండ పడే ఆ రెండు గంటలు పల్చటి తెర లాగండి.

ఇంకోటి, రోజూ ఎత్తి చూడటం ఆపండి. ఇసుకలో పెట్టాక కూడా అలా చేస్తే అప్పుడే పొడుచుకొచ్చే వేరు తెగుతుంది.

కిటికీతోట:
ఎత్తి చూడటం ఆపాను. చాలా కష్టంగా ఉంది.

మందారం పక్కింటివాళ్లది, గోడ దాటి మావైపే వాలుతుంది, ఎన్ని కోసుకున్నా ఏమనరు. ఆ లెక్కన పొడి కొనక్కర్లేదన్నట్టే కదా? ఇసుక కూడా వాళ్లింట్లో మరమ్మతులకి తెప్పించి మిగిలిందే ఇచ్చారు. ఏడుసార్లు కడిగితే గానీ తేట నీళ్లు రాలేదు. పొడి మాత్రం ఒక స్నేహితురాలు పాత సిరా సీసా మూతలో కొంచెం పోసిచ్చింది, 0.3 శాతం అట. ఆరు కొమ్మలకి పొడి, ఆరింటికి లేకుండా, రెండు సీసాల్లో గుచ్చాను. ఆ పాత కొమ్మ గ్లాసులోనే ఉంది, మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తున్నా.

కిటికీతోట (ఆరు వారాల తర్వాత):
లెక్క చెప్పేస్తా. పొడి రాసినవి ఆరింట్లో ఐదు వచ్చాయి. రాయనివి ఆరింట్లో మూడు.

నాలుగో వారం దాకా రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి. తర్వాత ఒకరోజు ఒక కొమ్మని రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగాను. కింద ఎవరో పట్టుకున్నట్టు ఆగింది. ఇవాళ కుండీలోకి మార్చేటప్పుడు చూస్తే పొడి రాసినదానికి చుట్టూ కుంచెలా వేర్లున్నాయి. రాయనిదానికి ఒక పక్కనే నాలుగు, కానీ లావుగా, ఇసుక రేణువులు అంటుకుని.

చిగురుచూపు:
ఐదు, మూడు. నేనింకేం చెప్పను.

ఇసుకబుట్ట:
చెప్పొద్దు కూడా. ఆరేసి కొమ్మల మీద ఐదుకి, మూడుకి తేడా అంటే నాణెం ఎగరేసినా వస్తుంది. పైగా ఒక సీసా కిటికీకి దగ్గరగా ఉండి ఉండొచ్చు. అసలు సంగతి, నీళ్లలో పన్నెండుకి పదకొండు పోతే ఇసుకలో పన్నెండుకి ఎనిమిది వచ్చాయి.

చిగురుచూపు:
చుట్టూ కుంచెలా వచ్చిన వేర్లు కూడా నాణెమే వేసిందా? ఒక పక్కనే వేరున్న మొక్క రేపు గాలికి ఒరుగుతుంది, చూడండి.

గ్లాసునీళ్లు:
నా కొమ్మ ఏమైంది? గ్లాసులోది?

కిటికీతోట:
అడుగుతారనే ఆఖరికి ఉంచాను. వేరేసింది! మూడు వేర్లు, తెల్లగా, నున్నగా.

గ్లాసునీళ్లు:
హమ్మయ్య. ఒక్క వస్తువూ కొనకుండా.

ఇసుకబుట్ట:
పన్నెండింట్లో ఒకటి. సంబరాలు తర్వాత గానీ, కిటికీతోట గారూ, ఆ వేర్లు మట్టికి అలవాటు పడినవి కావు, పుటుక్కున విరుగుతాయి. ఇంకా పొడవు పెరగనివ్వకండి, రెండు మూడు సెంటీమీటర్లున్నప్పుడే మార్చేయాలి. మొదటి పది రోజులు మట్టి ఆరనివ్వకుండా, టోపీ పెట్టి ఉంచండి. ఎరువు ఇప్పుడే వద్దు.

కిటికీతోట:
ఆలస్యమైంది, ఇందాకే మార్చాను. ఒకటి విరిగింది. రెండున్నాయి. టోపీ పెట్టాను.

ఈ గొడవలోనే ఇంకోటి. పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకు ఒకటి దొరికింది. ముక్కలు కోసి ఇసుకలో పెట్టనా, నీళ్లలోనా?

గ్లాసునీళ్లు:
నీళ్లు.

ఇసుకబుట్ట:
ఇసుక. కానీ దేంట్లో పెట్టినా, రెండు మూడు నెలలు ఆగాక వచ్చే పిలక ఉత్త పచ్చగా వస్తుంది, పసుపు అంచు రాదు. అంచు కావాలంటే ఆకు తిరిగిచ్చేసి, దుంపతో సహా ఒక పిలక అడగండి.