పెరటి కోళ్లలో ఒక పెట్ట కొత్తవాటిని రక్తం వచ్చేలా పొడుస్తోంది: ఏం చేయాలి?

ప్రశ్న: యలహంక పెరడు

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో యలహంక దాటాక వచ్చే ఒక లేఅవుట్‌లో ఉంటున్నాం. ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి స్థలంలో ఇనుప వల కట్టిన గూట్లో ఆరు పెట్టలను పెంచుతున్నాం. పుంజు లేదు. వీటిలో నాలుగు చిత్తూరు వైపు మా ఊరి నుంచి తెచ్చిన నాటుపెట్టలు, మిగిలిన రెండూ ఈమధ్యనే చేర్చిన స్వర్ణధార అనే మెరుగుపరచిన రకం పెట్టలు. కొత్తవి వచ్చినప్పటి నుంచి నాటువాటిలో వయసులో పెద్దదైన నల్లపెట్ట వాటిని దాణా దరిదాపులకు రానివ్వడం లేదు. మొదట్లో ఒకటి రెండు పొడుపులతో ఆగిపోయేది కానీ, ఇప్పుడు ఒకదానికి తోక మొదట్లో ఈకలన్నీ ఊడి చర్మం కనిపిస్తోంది, అక్కడ రక్తం కూడా వచ్చింది. రెండవదాని తురాయి మీద నల్లని పొక్కులు ఉన్నాయి. అవి కూడా పొడవడం వల్లనే వచ్చాయో కాదో తెలియడం లేదు.

వానల కారణంగా కోళ్లు పగలంతా గూట్లోనే ఉంటున్నాయి. దాణాగా నూకలు, రాగులు, ఇంట్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు వేస్తున్నాం. దెబ్బలు తిన్న పెట్టను విడిగా ఉంచాలా, లేక నల్లపెట్టనే ఎవరికైనా ఇచ్చేయాలా? ముక్కు కొన కత్తిరిస్తే చాలని తెలిసినవారు ఒకరు అన్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: హెసరఘట్ట కోళ్లగూడు

నమస్కారమండీ. రక్తం కనిపించిన పెట్టను ఈ రోజే విడదీయండి. ఎరుపు కంటపడితే అంతవరకు తమ మానాన తామున్న కోళ్లు కూడా వచ్చి అదే చోట పొడుస్తాయి, చూస్తుండగానే అది ప్రాణం మీదికి వస్తుంది. గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి పావిడోన్ అయోడిన్ రాయండి. ఈ తడి వాతావరణంలో ఈగలు వాలి గుడ్లు పెడితే పురుగులు పడతాయి కాబట్టి, మానేవరకు రోజూ చుట్టూ ఉన్న ఈకలు పక్కకు జరిపి చూడాలి.

అయితే విడదీసిన పెట్టను వేరే గదిలోకో మేడ మీదికో తీసుకుపోకండి. అదే గూట్లో ఒక మూల వల అడ్డం కట్టి, మిగతావాటికి కనబడేలా ఉంచండి. కోళ్లమందలో ఎవరు ఎవరిని పొడవవచ్చు, ఎవరు ఎవరికి తప్పుకోవాలి అన్న వరుస ఒకటి ఉంటుంది. నార్వేకు చెందిన షెల్డెరుప్-ఎబ్బే 1920ల తొలినాళ్లలో దీనిని శాస్త్రీయంగా నమోదు చేశాడు కానీ, మన పల్లెల్లో కోళ్లు పెంచిన ఏ అవ్వకైనా ఇది కొత్త విషయం కాదు. ఆ వరుస కుదిరాక కొట్లాటలు తగ్గి, ఒక చూపుతోనో మెడ సాచడంతోనో వ్యవహారం నడిచిపోతుంది. కొన్నాళ్లు కంటికి కనబడకుండా పోయిన కోడి మాత్రం తిరిగి వచ్చేసరికి పరాయిదైపోతుంది, దాని చోటు అది మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవలసి వస్తుంది. దెబ్బలు తిన్నదానిని దూరంగా దాచి, మానిన తరువాత మందలో వదిలితే మళ్లీ అదే గతి పట్టడానికి కారణం ఇదే.

ఇదే సూత్రాన్ని నల్లపెట్ట మీద ప్రయోగించండి. దానిని మందకు కనబడని చోట, నీడ, నీరు, దాణా అన్నీ ఉండేలా చూసి మూడు నాలుగు రోజులు వేరుగా ఉంచండి. ఈలోగా మిగిలినవి తమలో తాము వరుస కుదుర్చుకుంటాయి, అది వచ్చేనాటికి దాని పెత్తనం చాలావరకు సడలుతుంది. తిరిగి వదిలేటప్పుడు రాత్రి కోళ్లన్నీ దండెం ఎక్కాక నెమ్మదిగా పక్కన కూర్చోబెట్టండి. మర్నాడు తెల్లవారుతూనే వెళ్లి ఒక గంటసేపు అక్కడే ఉండి గమనించాలి, ఎందుకంటే తగాదా వచ్చేది అప్పుడే.

ముక్కు కత్తిరించే ఆలోచన మానుకోండి. కోడిముక్కు కొనలో నరాలు ఉంటాయి, కత్తిరిస్తే నొప్పి ఉంటుంది, ఆపైన మేత సరిగా ఏరుకోలేదు. వేల కోళ్లుండే షెడ్లలో చేసే పనిని ఆరు కోళ్ల పెరట్లో చేయవలసిన అగత్యం నాకు కనబడదు.

సమాధానం 2: హెబ్బాళ పశుమిత్ర

నల్లపెట్ట మీద తీర్పు చెప్పేముందు, ఈకలు ఎక్కడ ఊడాయో చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. తల వెనుక, మెడ మీద ఊడితే అది సాధారణంగా వరుస కోసం జరిగిన పోట్లాట. వీపు మీద, రెక్కల మొదట్లో ఊడితే పుంజు తొక్కడం వల్ల కావచ్చు. మీ ఇంట పుంజు లేదు కనుక దానిని పక్కన పెట్టండి. రొమ్ము, పొట్ట భాగం బోసిపోతే అది పొదుగుకు కూర్చున్న పెట్ట తన ఈకలు తానే పీక్కోవడం కావచ్చు. ఒళ్లంతా అక్కడక్కడ రాలి, కొత్త ఈకల మొలకలు కనిపిస్తుంటే అది ఏటా ఈకలు మార్చుకునే కాలం, అందులో కంగారు పడవలసింది లేదు.

మీరు చెప్పినట్లు తోక మొదట్లో గానీ, గుదం చుట్టూ గానీ ఊడితే మాత్రం అది పెత్తనం కంటే ప్రమాదకరమైన అలవాటు. ఈకలు పీకి తినడం, ఆ తరువాత చర్మాన్నీ మాంసాన్నీ పొడవడం అక్కడే మొదలవుతాయి, ఒకదానిని చూసి మరొకటి నేర్చుకుంటుంది కూడా. ఈ పని నల్లపెట్ట ఒక్కటే చేస్తోందా అన్నది గట్టిగా తేల్చుకోండి. దాణా దగ్గర అందరి ముందూ తరిమే కోడి ఒకటి, వెనుక నుంచి చప్పుడు లేకుండా ఈక లాగే కోడి మరొకటి కావడం అరుదేమీ కాదు. గుదం చుట్టూ ఈకల మొదళ్లలో కోడిపేలు, వాటి గుడ్ల గుత్తులు ఉన్నాయేమో కూడా చూడండి, ఎందుకంటే ఆ దురదకు కోడి తన ఈకలు తానే పీక్కుని పుండు చేసుకుంటుంది, తక్కిన పని పక్కవి పూర్తి చేస్తాయి.

ఇక తురాయి మీది నల్లని పొక్కులు. పొడుపు గాయం గీతలా ఉండి, రక్తం గడ్డకట్టి, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. పొక్కులు పులిపిరుల్లా గుండ్రంగా ఉబ్బి, కళ్ల చుట్టూ, ముక్కు మొదట్లో కూడా కనిపిస్తే అది కోళ్ల మశూచి అయ్యే అవకాశం ఉంది. దానిని దోమలు వ్యాపింపజేస్తాయి, వానాకాలంలో ఎక్కువగా చూస్తాం. అదే అయితే ఆ పెట్టను వెంటనే వేరుచేసి, హెబ్బాళలోని పశువైద్య కళాశాలకు గానీ దగ్గరి పశువైద్యశాలకు గానీ తీసుకువెళ్లి చూపించండి. మొదటి సమాధానంలో చెప్పినట్లు మిగతావాటి పక్కనే వల అడ్డం కట్టి ఉంచే పద్ధతి దీనికి మాత్రం పనికిరాదు. నలతగా ఉన్న కోడిని మంద ఇట్టే పసిగట్టి తరుముతుందని కూడా గుర్తుంచుకోవాలి.

సమాధానం 3: కె.ఆర్. పురం నాటుకోడి

పై ఇద్దరూ చెప్పినవి నిజమే కానీ, నల్లపెట్టను నాలుగు రోజులు పంపించినంత మాత్రాన పని అయిపోతుందంటే నేను ఒప్పుకోను. గూడు అదే, మేత అదే అయితే దాని స్థానంలోకి ఇంకొకటి వస్తుంది. మా ఇంట్లో అలాగే జరిగింది.

మీరు వేస్తున్న మేతలో దాదాపు అంతా పిండిపదార్థమే. గుడ్లు పెట్టే కోడి దాణాలో 16 నుంచి 18 శాతం ప్రోటీన్ ఉండాలి. నూకలూ అన్నమూ దానికి దరిదాపుల్లో కూడా లేవు. ప్రోటీన్, అందులోనూ దానిలో భాగమైన మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం, చాలనప్పుడు కోళ్లు ఈకలు తినడానికి అలవాటు పడతాయి, ఉప్పు తక్కువైనా అదే జరుగుతుంది. దుకాణంలో దొరికే లేయర్ దాణాను (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) ప్రధానంగా వేసి, ఇంటి మిగుళ్లను చిరుతిండి మోతాదుకు తగ్గించండి. ఇంట్లోనే కలుపుకునేవారు వేరుశనగ చెక్క ఒక్కటే చాలనుకుంటారు కానీ అందులో మెథియోనిన్ తక్కువ, నువ్వుల చెక్క, ఎండుచేపల పొడి ఆ లోటు తీరుస్తాయి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెడితే కావలసినవి తింటాయి.

గూడు కొలత మీరు చెప్పలేదు. పగలంతా లోపలే ఉండే కోడికి తిరగడానికి ఎనిమిది నుంచి పది చదరపు అడుగులు ఉంటే మేలు, అంటే మీ ఆరింటికీ అరవై వరకు కావాలి. అంత లేకపోతే పక్కకు కొంత వల కట్టి, పైన రేకులో టార్పాలినో వేసి పొడిగా ఉంచండి. దాణా తొట్లు, నీళ్ల గిన్నెలు రెండేసి పెట్టి, ఒకదాని దగ్గర నిలబడితే రెండవది కనబడకుండా మధ్యలో ఒక పలకో బుట్టో అడ్డుపెట్టండి. నల్లపెట్ట ఎంత గట్టిదైనా ఒకేసారి రెండు చోట్ల కాపలా కాయలేదు. తప్పించుకోవడానికి దారిలేని మూలలు ఉండకూడదు. తోటకూర కట్టను కోడి ఎగిరి అందుకునే ఎత్తులో వేలాడదీస్తే, ఊరకే ఉండి ఒకదానినొకటి పొడిచే సమయం కొంత దానికి పోతుంది. బూడిద, ఇసుక కలిపిన మట్టి ఒక తొట్టెలో పోయండి, అందులో పొర్లడం వల్ల పేలు కూడా తగ్గుతాయి.

గూట్లో రాత్రిపూట తెల్లటి ఎల్ఈడీ దీపం వెలుగుతూ ఉంటే ఆర్పేయండి. గుడ్లు ఎక్కువ వస్తాయని చాలామంది పెడతారు, కానీ గట్టి వెలుతురు పొడుపులను పెంచుతుంది.

యలహంక పెరడు

అందరికీ కృతజ్ఞతలు. మా గూడు ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. మీ లెక్క ప్రకారం సగమే. తురాయి మీద పొక్కులు గుండ్రంగానే ఉన్నాయి, కంటి కింద కూడా ఒకటి కనిపించింది, కాబట్టి దానిని విడిగా ఉంచాం, రేపు హెబ్బాళకు తీసుకువెళ్తున్నాం. ఒక పుంజును తెస్తే పెట్టల మధ్య తగాదాలు సర్దుకుంటాయని మా అత్తగారు అంటున్నారు. అది నిజమేనా?

సమాధానం 1: హెసరఘట్ట కోళ్లగూడు

మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. మంచి పుంజు ఉంటే పెట్టలు కొట్టుకుంటున్నప్పుడు మధ్యకు వచ్చి నిలబడుతుంది. కానీ ముప్పై చదరపు అడుగుల గూట్లోకి ఏడో కోడిని తేవడం మంట మీద నూనె పోయడమే, పైగా ఆరు పెట్టలకు ఒక పుంజు కాస్త ఎక్కువే, ఈసారి వీపుల మీద ఈకలు పోతాయి. లేఅవుట్‌లో తెల్లవారుజాము నాలుగింటికి కూత మొదలైతే పక్కింటివారితో వచ్చే తగాదా వేరు. ముందు గూడు పెంచండి, దాణా మార్చండి, మశూచి అవునో కాదో తేల్చుకోండి. నల్లపెట్టను వేరుచేయడం ఆ తరువాతే. వచ్చాక కూడా రక్తం కళ్లచూస్తే, విశాలమైన పెరడు ఉన్న మీ ఊరివారికే తిరిగి ఇచ్చేయండి.