కామెడీ పాటల షో: గిటార్ పెంచితే కూత, తగ్గిస్తే రేకు డబ్బా

హన్మకొండలో వంద మంది పట్టే హాల్. ఇద్దరు పాడేవాళ్లు, ఒక గిటార్, రెండు డైనమిక్ మైకులు (కరెంటు అవసరం లేనివి), 6 ఛానెళ్ల మిక్సర్, రెండు స్పీకర్లు. పాటలన్నీ కోడింగ్, గేములు, సూపర్‌హీరోల మీద. సెమీకోలన్ ఒక్కటి మర్చిపోతే పెళ్లి పత్రిక మొత్తం ఎర్రర్ అయినట్టు ఒక చరణం. చివరి మాట వినపడకుంటే నవ్వే రాదు.

గిటార్‌ల ఉన్నది బ్యాటరీ లేని పీజో పికప్, అంటే తీగల అదురును సిగ్నల్‌గా మార్చే పట్టీ. లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా పెడితే ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అడ్డుపడే నిరోధం) కలవక సౌండ్ పల్చగైతది. గెయిన్ పెంచితే 200 హెర్ట్జ్ చుట్టుపక్కల గుయ్యిమంటది. స్పీకర్లు మైకుల కన్నా ముందుకు జరిపి, మైకులకు 100 హెర్ట్జ్ కింది సౌండ్‌ను కోసే లో-కట్ ఫిల్టర్ వేసి, గిటార్ రంధ్రానికి రబ్బరు మూత పెట్టినం. కూత తగ్గింది, పల్చదనం పోలే.

1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ బాక్సే (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు సరిపడేటట్టు మార్చే, కరెంటుతో నడిచే డబ్బా) కావాల్నా, ప్రీఆంప్ పెడలైతే నడుస్తదా? మిక్సర్‌ల 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్ నుంచే కరెంటు పంపే) బటన్ అన్ని మైక్ ఛానెళ్లకూ ఒక్కటే. బ్యాలెన్స్‌డ్ కేబుల్ మంచిగుంటే డైనమిక్ మైకులకు ఏం కాదు గానీ, ఒక కేబుల్ చేత్తో అతికించింది, దాని మీదనే అనుమానం. మల్టీమీటర్‌తో ఏ పిన్ నుంచి ఏ పిన్‌కు చూడాలె?

వరంగల్‌ల డీఐ బాక్స్ ఒక్క రోజుకు కిరాయికి ఇచ్చేటోళ్లు ఎవరన్నా ఉన్నరా?