సెస్నా 340ఏ: పైకెళ్తే ఎడమ ఇంజిన్ మానిఫోల్డ్ ప్రెషర్ నిలవడం లేదు

టెక్సస్‌లో సెస్నా 340ఏ (రెండు ఇంజిన్ల చిన్న విమానం) నడుపుతున్నాను, టీఎస్ఐఓ-520 టర్బో ఇంజిన్లు. 15,000 అడుగుల దాకా రెండూ సమానంగానే ఉంటాయి. 17,000 దాటాక క్రూజ్‌కి పవర్ తగ్గించగానే ఎడమవైపు మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, పాదరసం అంగుళాల్లో) 30 అంగుళాల నుంచి 27కి జారి, మళ్లీ లేస్తుంది. ముల్లు అలా ఊగుతూనే ఉంటుంది. ఆర్‌పీఎం 2,300 నుంచి 2,450కి పెంచితే కుదుటపడుతుంది. ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ మామూలే.

మెకానిక్ ఇండక్షన్ గొట్టాల్లోకి గాలి ఎక్కించి సబ్బునీళ్లతో చూశారు, ఎక్కడా బుడగ రాలేదు. వేస్ట్‌గేట్ (టర్బోకి వెళ్లే ఎగ్జాస్ట్‌ని అదుపుచేసే వాల్వ్) శుభ్రం చేసి ఆయిల్ పెట్టారు. వేస్ట్‌గేట్‌ని నడిపే కంట్రోలర్లను కుడి ఎడమలు మార్చినా సమస్య ఎడమవైపే ఉండిపోయింది. ఏడీ 2000-01-16 (తప్పనిసరి భద్రతా ఆదేశం) ప్రకారం ఎగ్జాస్ట్ తనిఖీ ఈమధ్యే అయింది, అయినా రెక్కలో ఇంధనం ఉంటుంది కాబట్టి ఎగ్జాస్ట్ లీకు అనుమానమే పెద్ద టెన్షన్. తేలేవరకు ఎగరడం ఆపేశాను.

టర్బో విప్పేముందు వేస్ట్‌గేట్ యాక్చువేటర్ (దాన్ని కదిపే భాగం), ఎగ్జాస్ట్ స్లిప్ జాయింట్లు (గొట్టాలు ఒకదానిలో ఒకటి జారే అతుకులు), ఈ రెండింటిలో ముందు దేన్ని చూడమంటారు?