కాలిఫోర్నియాలో అద్దె ఇంటికి ఈఎస్‌ఏ లెటర్: ఆన్‌లైన్‌లో కొంటే చెల్లుతుందా?

ప్రశ్న:

శాక్రమెంటోలో 60 యూనిట్ల అపార్ట్‌మెంట్. లీజులో పెంపుడు జంతువులు వద్దని రాసుంది. పానిక్ అటాక్స్‌కి థెరపిస్ట్ దగ్గర చికిత్స నడుస్తోంది. కుక్క ఉంటే మేలని ఆవిడే అన్నారు. కొన్ని సైట్లు నాలుగు ప్రశ్నలు అడిగి, డబ్బు కడితే అదే రోజు ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ (ఈఎస్‌ఏ, అంటే మానసిక సమస్యలో ఊరటనిచ్చే జంతువు) లెటరూ, రిజిస్ట్రేషన్ కార్డూ, కుక్కకి జాకెట్టూ పంపుతామంటున్నాయి. అది చాలా? లీజింగ్ ఆఫీసుకి ఏమివ్వాలి? పెట్ డిపాజిట్ కట్టాలా? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు అడగొచ్చా?

జవాబు 1:

ఆ సైట్లకి డబ్బు కట్టకండి. ఈఎస్‌ఏలకి ప్రభుత్వ రిజిస్ట్రీ అనేదే లేదు, కాబట్టి కార్డుకీ జాకెట్‌కీ చట్టంలో విలువ లేదు. ఇక కాలిఫోర్నియాలో ఏబీ 468 అనే చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం లెటర్ రాసేవారి దగ్గర మీరు కనీసం 30 రోజుల ముందు నుంచి క్లయింటుగా ఉండాలి, కుక్క అవసరం గురించి వాళ్లు మిమ్మల్ని విడిగా అంచనా వేసి ఉండాలి. అదే రోజు రాసిచ్చేవాళ్లు చట్టం తప్పుతున్నట్టే. ఈ 30 రోజుల నిబంధన కుక్కలకే రాశారు, పిల్లులకి కాదు.

మీకు థెరపిస్ట్ ఉన్నారు కాబట్టి ఆవిడనే అడగండి. లెటర్‌హెడ్ మీద లైసెన్స్ రకం, నంబరు, ఏ రాష్ట్రం ఇచ్చింది, ఎప్పటి నుంచి అమల్లో ఉంది, తేదీ, సంతకం ఉండాలి. జబ్బు పేరు రాయక్కర్లేదు. నిద్ర, ఏకాగ్రత లాంటి ముఖ్యమైన రోజువారీ పనుల్ని గణనీయంగా దెబ్బతీసే సమస్య మీకు ఉందనీ, ఆ ఇబ్బందిని కుక్క తగ్గిస్తుందనీ ఉండాలి. ఎక్కువ లెటర్లు తిరిగొచ్చేది ఈ రెండో ముక్క దగ్గరే. "కుక్క తోడుంటే సంతోషంగా ఉంటారు" అని రాస్తే పెంపుడు కుక్కకీ దీనికీ తేడా కనపడదు. సమస్యకీ కుక్కకీ ముడి కుదరాలి.

జవాబు 2:

లీజింగ్ ఆఫీసు సంగతి చెబుతాను. కుక్కని తెచ్చాక కాదు, తేకముందే అడగండి. ముందు తెచ్చేస్తే లీజు ఉల్లంఘన నోటీసు తలుపుకి అంటిస్తారు. ఆ తర్వాత కూడా అడిగే హక్కు పోదుగానీ అనవసరపు గొడవ. ఇళ్ల విషయంలో వివక్షని ఆపే ఫెడరల్ చట్టం ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ కింద రీజనబుల్ అకామడేషన్ (ఆరోగ్య సమస్య వల్ల నిబంధనలో సడలింపు) కోరుతున్నామని రెండు మూడు వాక్యాల్లో ఈమెయిల్ రాసి, లెటర్ జతచేసి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వమనండి. నోటిమాటగా అడిగినా చట్టప్రకారం అడిగినట్టే, కానీ తర్వాత రుజువు దొరకదు.

లెటర్ నిజమైనదో కాదో వాళ్లు సరిచూసుకోవచ్చు. మెడికల్ రికార్డులు, జబ్బు వివరాలు అడగకూడదు. పెట్ డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్ రెండూ కట్టక్కర్లేదు. కుక్క కార్పెట్ చింపితే మాత్రం ఆ ఖర్చు మీదే, మామూలు డిపాజిట్‌లోంచి పట్టుకుంటారు. జాతినిబట్టి, బరువునిబట్టి పెట్టుకున్న నిషేధాలు ఈఎస్‌ఏకి వర్తించవు. మీ కుక్కే ఎవరినో కరిచిన దాఖలా ఉంటే అది వేరే విషయం, కాదనొచ్చు. టీకాలు, స్థానిక డాగ్ లైసెన్స్ మీరు చూసుకోవాల్సిందే.

వీసాకీ దీనికీ సంబంధం లేదండి, ధైర్యంగా అడగండి.

ప్రశ్న వేసినవారు:

థ్యాంక్సండీ. ఒకవేళ ఆవిడ "మా క్లినిక్ ఇలాంటి లెటర్లు ఇవ్వదు" అంటే? టెక్సస్‌లో ఉన్నప్పటి పాత థెరపిస్ట్ చేత రాయించుకోవచ్చా?

జవాబు 3:

టెక్సస్ లైసెన్స్ మాత్రమే ఉంటే వద్దు. కాలిఫోర్నియాలో ఇచ్చే లెటర్‌కి ఇక్కడ ప్రాక్టీస్ చేసే లైసెన్సే ఉండాలి. వీడియోలో చూసే థెరపిస్టయినా ఫర్వాలేదు, లైసెన్సూ 30 రోజులూ సరిపోవాలంతే.

కొంతమంది థెరపిస్టులు ఈ లెటర్లు రాయరు. చికిత్స చేసేవాళ్లే సర్టిఫికెట్ ఇస్తే రెండు పాత్రలూ కలగాపులగం అవుతాయని వాళ్ల భయం, అది న్యాయమైన కారణమే. అప్పుడు మీకు మందులు రాసే సైకియాట్రిస్టునో, మీ సమస్య తెలిసిన ప్రైమరీ కేర్ డాక్టర్నో అడగండి. ఏబీ 468 వాళ్లకీ వర్తిస్తుంది.

ఓనర్ కాదంటే కారణం రాసివ్వమనండి. కాలిఫోర్నియా సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి గానీ ఫెడరల్ హౌసింగ్ శాఖ హెచ్‌యూడీకి గానీ ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు ఉండదు. ఓనర్ తనూ అక్కడే ఉంటూ అద్దెకిచ్చే, మొత్తం నాలుగు యూనిట్లకి మించని బిల్డింగులకి ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది, మీ 60 యూనిట్లకి అది వర్తించదు.

ఇంకొకటి, ఈ లెటర్ ఇంటికే. షాపుల్లో, హోటళ్లలో పనికిరాదు, అక్కడ శిక్షణ పొందిన సర్వీస్ డాగ్స్‌కే హక్కు. 2021 జనవరి నుంచి విమానాల్లో కూడా ఈఎస్‌ఏని మామూలు పెంపుడు జంతువుగానే చూడొచ్చు. ఇండియా ప్రయాణం అనుకుంటే టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్‌ని అడగండి.