విడతలుగా వైరింగు: కొత్త ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతున్నది

మల్కాజిగిరి గృహస్థుడు:
మా పాత ఇంట్లో ఈ వేసవిలో వంటగది, స్నానాల గదుల వైరింగు మాత్రమే మార్పించి, పడకగదుల పనిని వచ్చే ఏడాదికి ఆపుకున్నాము. కొత్త డీబీలో (ఇంటి సర్క్యూట్లన్నీ చేరే స్విచ్చుల పెట్టెలో) 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) పెట్టిన రోజు నుండి, పడకగదిలో ఫ్యాను వేయగానే అది పడిపోయి (ట్రిప్ అయి) వంటగదికి కరెంటు పోతున్నది. ఈ ఏడాది పాటు సగం పాత, సగం కొత్త వైరింగుతో ఉండవచ్చునా? ఎవరిచేత పరీక్ష చేయించాలి?

కూకట్‌పల్లి:
మేము ఆర్‌సీసీబీయే చెడిపోయిందనుకుని ట్రూప్ బజారుకు రెండుసార్లు తిరిగాము. చివరికి హాలులో స్విచ్ బోర్డు విప్పితే, మూడు నల్ల తీగలు ఒకే ముడిగా మెలిపెట్టి ఉన్నాయి, పైనున్న టేపు ఎండి చేతిలో పొడిపొడిగా రాలింది. పాత ఫ్యాను న్యూట్రల్ (కరెంటు తిరిగి వచ్చే తీగ) కొత్త సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిసినందువల్ల, ఆర్‌సీసీబీ గుండా ఫేజ్‌లో (కరెంటు వెళ్లే తీగలో) వెళ్లని కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తున్నది. ఆర్‌సీసీబీ ఆ తేడాను లీకేజీగానే లెక్కిస్తుంది.

మెహిదీపట్నం:
ఆ ఆర్‌సీసీబీని తీయించివేయండి. ఎర్త్ బాగుంటే ఎంసీబీలే (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చులే) చాలు, మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా అంతే.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు:
దయచేసి ఎవరూ ఈ సలహాను పాటించవద్దు. మన నగరంలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వగానే రాయి తగులుతుంది, అందుకే ఎర్త్ నిరోధం అంత సులభంగా తగ్గదు. మీ ఎర్త్ పిట్ (ఎర్త్ తీగను నేలకు కలిపే గుంత) నిరోధం 20 ఓములు ఉన్నదనుకుంటే, గీజర్ బాడీకి ఫేజ్ తగిలినప్పుడు 230 వోల్టులకు పారేది 11.5 యాంపియర్లే కనుక 16 యాంపియర్ల ఎంసీబీ పడదు, బాడీలో కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. ఈ పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను.

మెహిదీపట్నం:
నేను ఏటా ఆ పిట్‌లో బొగ్గు, ఉప్పు పోయించి, వేసవంతా నీళ్లు పోయిస్తున్నాను. అనుభవం మీ ఒక్కరి సొత్తు కాదు.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు:
నీళ్లు పోయడం మంచిదే. కానీ నిరోధం ఎంతకు తగ్గిందో ఒక్కసారైనా కొలిపించారా?

సైనిక్‌పురి:
పిట్ మాట అటుంచండి. మా ఇంట్లో పాత అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగను మెలిపెట్టి వదిలేశారు. ఆరు నెలలకే ఆ ముడి వేడెక్కి బోర్డు వెనుక గోడ నల్లబడింది, పక్కనే మా పాప మంచం ఉన్నది. విడతలుగా చేయించేవారు అతుకులన్నీ విప్పి చూపించమని పట్టుబట్టండి.

మల్కాజిగిరి గృహస్థుడు:
లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును పిలిపించాము. కూకట్‌పల్లి వారు చెప్పినట్లే న్యూట్రల్‌లు కలిసి ఉన్నాయి, విడదీయగానే ఆర్‌సీసీబీ నిలిచింది. తరువాత తీగల ఇన్సులేషన్ (పై తొడుగు) నిరోధాన్ని కొలిచే 500 వోల్టుల మెగ్గరుతో చూస్తే కొత్త సర్క్యూట్లన్నీ బాగున్నాయి కానీ, పడకగది పాత తీగ 1 మెగాఓము కూడా చూపలేదు. ఆ సర్క్యూట్‌ను డీబీలోనే విడదీయించాము. పని వచ్చే ఏడాదికి కాదు, వచ్చే వారానికే పెట్టుకున్నాము. అంతవరకు అందరమూ హాలులోనే పడుకుంటున్నాము.