బెట్టకు గురైన బార్లీని ఆవులకు కోసి పెట్టొచ్చా?
కెనడాలో, సస్కాచెవాన్ దక్షిణాన ఆవుల ఫారంలో పనిచేస్తున్నానండి. జూన్ నుంచి సరైన వాన లేదు. బార్లీ మోకాలెత్తు కూడా రాకుండానే వెన్ను తీసింది. గింజ నలిపితే వట్టి పొట్టే. బీడులో గడ్డి కాలి కింద పటపటలాడుతోంది. అందుకే బార్లీని పచ్చిగానే కోసి మేతకు కట్టలు కడదామనుకుంటున్నాం. కానీ బెట్ట పైరులో, ముఖ్యంగా కాడ అడుగున, నైట్రేట్ (ఎక్కువైతే ఆవులకు విషమయ్యే పదార్థం) పేరుకుంటుంది, ఎండబెట్టినా పోదు. మొన్న చిన్న జల్లు పడింది, దాంతో నైట్రేట్ ఇంకా పెరుగుతుందేమోనని భయం. జల్లు తర్వాత ఎన్నాళ్లాగి కోయాలి? నేల నుంచి ఎంత ఎత్తు వదలాలి? ల్యాబ్‌కు నమూనా ఎలా తీయాలి?

ఇంకొకటి. నీటిగుంట సగానికి దిగి, అంచున తెల్లగా ఉప్పు పేరింది. చూడి ఆవులు ఆ నీళ్లే తాగుతున్నాయి. నీళ్లలో సల్ఫేట్ అనే లవణం ఎక్కువైతే ఆవుల్లో ముందుగా ఏ లక్షణాలు కనబడతాయి? అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి.